మా అత్త లాగనివ్వలేదు

మా పెద్దపిల్లకు మూడో నెల వచ్చేసరికి తల వయసుకు మించి పెరగసాగింది. మెదడులో నీరు చేరుతోందని, దింపకపోతే చూపు పోవచ్చని విశాఖలో పెద్ద డాక్టరు చెప్పాడు. నాలుగో నెలలో ఆపరేషన్ చేసి, తలలోంచి పొట్టలోకి చర్మం కిందుగా ఒక సన్నటి మెత్తటి గొట్టం వేశారు. చెవి వెనక వేలు పెడితే అది తగిలేది. ఆ తర్వాత పిల్ల తేటపడింది. నవ్వింది, మెడ నిలిపింది, ఆలస్యంగానైనా కూర్చుంది.

మాది వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రపు ఒడ్డు. మా ఆయన వేటకు వెళ్లేవాడు. మా అత్త వలలు బాగుచేస్తూ పిల్లను కనిపెట్టుకుని ఉండేది. టెక్కలిలో పెరిగిన నాకు చేపల వాసన అలవాటు కావడానికి ఏడాది పట్టింది గానీ, మా అత్త అలవాటు కావడానికి వారం కూడా పట్టలేదు.

పిల్లకు పద్నాలుగో నెల. ఒక ఉదయం దొడ్లో పిల్లను కడుగుతున్న అత్త ఒక్క కేక పెట్టింది.

"ఓలమ్మో! ఇలా రాయే, బేగి!"

వెళ్లి చూస్తే, పిల్ల దొడ్డికి వెళ్లే చోటు నుంచి తెల్లటి సన్నటిదేదో బెత్తెడు పొడవున వేలాడుతోంది. పిల్లకు అదేమీ పట్టలేదు. చెంబులో చెయ్యి ముంచి నీళ్లు చిమ్ముకుంటోంది.

కేక విని పక్కింటి వదిన వచ్చింది. "కడుపులో ఏలికపావే ఇది. మా గుంటడికీ ఇలాగే పడింది. పట్టుకుని లాగేత్తే పోతాది," అంటూ చెయ్యి చాపింది.

మా అత్త ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "సెయ్యి తియ్యే! పావైతే మెదల్దేటి? సూడు, సివర నీళ్ల బొట్టు కూడా కారతన్నాది."

ఆ తేట నీటిబొట్టు చూడగానే నాకు పిల్ల చెవి వెనక తగిలే గొట్టం గుర్తొచ్చింది. "అత్తా, అది తలలోంచి వేసిన గొట్టం," అన్నాను.

"అయితే అసలు ముట్టుకోకు. అది లోపల దేనికి తగులుకున్నాదో మనకి తెల్దు. లాగితే ఏటి సిరుగుతాదో!"

పాత నూలుచీర ముక్కను మరిగించి ఆరబెట్టి, అత్త దాన్ని గొట్టం చుట్టూ వదులుగా చుట్టింది. అప్పుడే ఒడ్డుకు చేరిన మా ఆయన తడి లుంగీతోనే మా అత్తాకోడళ్లతో ఆటో ఎక్కాడు. పలాసలో డాక్టరు చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "నా సర్వీసులో ఇలాంటిది చూడలేదమ్మా. లాగొద్దు, కొయ్యొద్దు. దొరికిన రైలెక్కి విశాఖ వెళ్లిపోండి," అన్నాడు. రైల్లో మేం ముగ్గురం ఏడుపు మొహాలతో కూర్చుంటే, పిల్ల ఎదుటి సీటాయన మీసం పట్టుకుని కిలకిల నవ్వింది.

పెద్దాసుపత్రిలో పెద్ద డాక్టరు మొదట అడిగింది ఒక్కటే. "ఎవరూ లాగలేదు కదా?"

"నాను లాగనిత్తానా బాబూ!" అంది అత్త.

ఇది చాలా అరుదుగా జరుగుతుందని ఆయన చెప్పాడు. గొట్టం కొస పేగుకు రాసుకుని రాసుకుని మెల్లగా లోపలికి దూరి, పేగు వెంట కిందికి జారుతుందట. ఒళ్లు ఆ కన్నం చుట్టూ తనే మూసుకుంటుంది కాబట్టి పిల్లకు నొప్పి తెలియలేదు. కానీ పేగులోని క్రిములు గొట్టం వెంట మెదడుకు ఎక్కే ప్రమాదం ఉంది. బలవంతంగా లాగితే పేగు చిరగవచ్చు, గొట్టం తెగి సగం లోపలే ఉండిపోవచ్చు.

ఆ రోజే గొట్టం తీసేశారు. తలలోని నీరు బయటి సీసాలోకి దిగేలా ఏర్పాటు చేసి, మందులు ఎక్కించారు.

మర్నాడు పెద్ద డాక్టరు, చదువుకుంటున్న కుర్ర డాక్టర్లను మంచం చుట్టూ నిలబెట్టి, "జరిగింది వీళ్లకు చెప్పమ్మా," అని అత్తను అడిగాడు.

"సదువా సంజా, నాకేటి తెలుసు బాబూ," అని మొదట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు. పక్కింటి వదిన చేతి మీద వేసిన దెబ్బ కూడా తన చేతి మీదే వేసుకుని చూపించింది. చివర్న, "మీకే ఎదురైతే ఏటి సేసుందురు?" అని ఎదురడిగింది.

ఒకమ్మాయి నిజం ఒప్పుకుంది. "నేనూ పామనే అనుకునేదాన్నమ్మా."

"పర్నేదులే తల్లీ, ఇకమీద అనుకోవు కదా," అంది అత్త. వార్డంతా నవ్వింది.

నీరు ఒక్కసారిగా దిగిపోకుండా ఆ సీసాను ఒకే ఎత్తులో ఉంచాలి. దాని గొట్టానికున్న చిన్న కుళాయి కట్టకుండా పిల్లను లేపకూడదు. రెండో వారంలో ఒక మధ్యాహ్నం నేను కంచం కడుక్కుని వచ్చేసరికి, పిల్ల మంచం కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. పుట్టాక మొదటిసారి! నర్సు "సీసా! సీసా!" అని అరుస్తూ పరుగెత్తి కుళాయి కట్టింది. అప్పుడు గాని పిల్లవైపు చూడలేదు. "ఓసినీ, నిలబడిందే!" అంది. పక్క మంచాల తల్లులు చప్పట్లు కొట్టారు. నేను ఏడుస్తూ నవ్వాను.

నీరు శుభ్రపడ్డాక రెండోవైపు కొత్త గొట్టం వేసి పంపారు. మళ్లీ ఏ ఇబ్బందీ రాలేదు.

రెండేళ్లు నిండకముందే పిల్ల మా ఒడ్డున నడిచింది. ఇసుకలో నాలుగడుగులు వేసి పడింది, లేచి మళ్లీ వేసింది. వేటనుంచి వచ్చి పడవను ఒడ్డుకు తోస్తున్న మా ఆయన, తోటివాళ్లు చేతులు వదిలేసి దాన్నే చూస్తూ నిలబడిపోయారు. అల వచ్చి పడవను మళ్లీ నీళ్లలోకి తీసుకుపోయింది. కేకలు వేస్తూ అందరూ దాని వెనక పడ్డారు. పిల్ల ఇసుకలో చతికిలబడి పకపకా నవ్వింది.