కృపాకుమారి ఈగల పెట్టె

ఆ పెట్టెను ఎంచుకోవడానికి కృపాకుమారికి ఇరవై రెండు రోజులు పట్టింది. పెళ్ళికి ఒప్పుకునేటప్పుడు కూడా ఇంత ఆలోచించలేదని ఆమే చెప్పుకుని నవ్వేది. రాప్తాడులో హైవే వెనకనున్న కాలనీలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఆమె ఇల్లు. పెట్టెలో పెట్టవలసిన వాటికి ఇంగ్లీషులో పేర్లు రాసిచ్చింది నేను కాబట్టి ఆ ఇరవై రెండు రోజులూ చూశాను. తరువాతి సంగతి ఆమె నోటనే విన్నాను.

పెట్టెలో పెట్టవలసినవి ఈగలు. నిజం ఈగలు కావు. చిన్న గాలానికి కోడి ఈక, పట్టుదారం, కుందేటి బొచ్చు చుట్టి పురుగులా కనిపించేట్టు కట్టినవి. చలి దేశాల్లో సరదాకు చేపలు పట్టేవాళ్ళు వాటిని నీటి మీదికి విసురుతారట. చేప నిజం పురుగని ఎగిరి పట్టుకుంటుందట. బెంగుళూరు శివార్లలో ఒక షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇవే కట్టేవాళ్ళు. కృపాకుమారి అక్కడ పదకొండేళ్ళు పనిచేసింది. ఆమె కట్టిన ఈగలు ఎన్ని సముద్రాలు దాటాయో లెక్క లేదు కాని, వాటితో ఒక్క చేపను పట్టడం ఆమె ఏనాడూ చూడలేదు.

"మన చెరువులో నీళ్ళుంటే కదమ్మా చేపలుండేది, చేపలుంటే కదా నేను చూసేది" అనేది.

ఇంద్రాణిని ఆ షెడ్డుకు తీసుకుపోయింది ఆమే. ఇంద్రాణిదీ మా కాలనీయే. పందొమ్మిదేళ్ళప్పుడు ఇంట్లో గొడవపడి ఊరికే ఏడుస్తూ కూర్చుంటే, కృపాకుమారి ఆమె బట్టలు తన సంచిలో కుక్కుకుని బస్సెక్కించింది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. ఇంద్రాణి వేళ్ళ మధ్య తన వేళ్ళు పెట్టి దారం ఎంత బిగించాలో నేర్పింది. మొదటి నెలలో ఇంద్రాణి పాడుచేసిన గాలాలను తన లెక్కలో వేసుకుని మేస్త్రీతో తిట్లు తిన్నది. ఇవి ఇంద్రాణే మాకు చెప్పేది. ఎవరడిగినా "కృపక్క లేకుంటే నేను లేనమ్మా" అనేది.

షెడ్డు మూతపడ్డాక ఇద్దరూ ఊరికి వచ్చేశారు. బెంగుళూరులోని ఒక వ్యాపారి ఈకలూ గాలాలూ పంపితే ఇంట్లో కట్టి పంపేవాళ్ళు. ఇంద్రాణి తన పిల్లలిద్దరినీ ఇంట్లో వదిలి నెలకు రెండుసార్లు బస్సులో పోయి సరుకు ఇచ్చి వచ్చేది. కృపాకుమారి గడప దగ్గర వెలుతురులో కూర్చుని కట్టేది. రోజుకు నూరు కట్టే మనిషి పోయినేడు ఎనభైకి వచ్చింది. ఈ యేడు అరవై. నలభై ఒక్కేళ్ళకే కళ్ళు మసకబారాయి. అద్దాలు రెండుసార్లు మార్చింది. గాలం కన్నంలోకి దారం ఎక్కించడానికి నన్ను పిలిచిన రోజులున్నాయి.

అట్లాంటప్పుడు ఆ కబురు వచ్చింది. బెంగుళూరు అవతల ఒక చెరువు దగ్గర, గాలంతో చేపలు పట్టడం నేర్పే విడిది ఒకటి కొత్తగా తెరుస్తున్నారు. అక్కడ ఈగలు కట్టడం నేర్పడానికి ఒక మనిషి కావాలి. ఒక్కరే. కట్టేది తక్కువ, చూపించేది, సరిదిద్దేది ఎక్కువ. కళ్ళు పోయినా వేళ్ళకు తెలిసింది పోదు కదా, ఆ పని దొరికితే ఇంకో ఇరవై ఏళ్ళు బతకొచ్చని కృపాకుమారి లెక్క. దొరక్కపోతే ఇంకో రెండేళ్ళకు ఈగలు కట్టడం ఆగిపోతుంది. వేరే పని ఆమెకు రాదు.

విడిది చూసుకునే హేమ అనే ఆమె ఫోనులో చెప్పింది. ఇరవై నాలుగు రకాల ఈగలు కట్టి, ఎవరి పెట్టెలో వాళ్ళు పెట్టుకుని తేవాలి. "పెట్టె కూడా చూస్తాం అండీ. ఈగను ఎట్లా దాచుకోవాలో తెలియకపోతే ఇంకొకరికి ఏం నేర్పిస్తారు?" అంది.

ఇంద్రాణి కూడా పేరిచ్చింది. "మన ఇద్దర్లో ఎవరికొస్తే ఏమక్కా, ఒకే ఇంటికొచ్చినట్ల కదా" అంది. కృపాకుమారి నమ్మింది. నేను కూడా నమ్మాను.

ఇక పెట్టె కోసం వెతుకులాట. మొదట స్టీలు టిఫిన్ డబ్బా. అందులో ఈగలన్నీ అడుగుకు జారి ఒకదాని గాలం ఇంకొకదానికి చిక్కుకున్నాయి. తరువాత మా తమ్ముడి పాత జామెట్రీ బాక్సు. మూత వేయగానే ఈకలు అణిగి, తడిసిన కోడిపిల్లల్లా అయ్యాయి. వారానికి ఏడు గదులుండే మందుబిళ్ళల డబ్బా బాగానే ఉంది కాని, ఇరవై నాలుగింటికి నాలుగు డబ్బాలు కావాలి. గాజుల చెక్కపెట్టెకు సందులున్నాయి. మా ఊరి దుమ్ము ఒక్క పూటలో ఈకల్లో చేరుతుంది.

"పెట్టెకు నాలుగు గుణాలుండాలమ్మా" అని నాకు చెప్పేది, వేళ్ళు మడుస్తూ. "ఈగ కదలకూడదు. ఈక అణగకూడదు. దుమ్ము చొరకూడదు. తెరవకుండానే ఏది యాడుండాదో కనపడాల."

చివరికి అనంతపురం పాత ఊరిలో ప్లాస్టిక్ సామాన్ల దుకాణంలో దొరికింది. కమ్మలు పెట్టుకునే పెట్టె. గాజులా మెరిసే గట్టి ప్లాస్టిక్, అరచేతికంటే కొంచెం పెద్దది. మూత వేస్తే టక్కుమంటుంది. తెరవాలంటే గోరు పెట్టి లాగాలి. దుకాణంలోనే పది పెట్టెలు మూసి తెరిచి, అన్నింట్లో బిగుతైనది తీసుకుంది. ఇంటికొచ్చి అడుగున థర్మకోల్ ముక్క కోసి అంటించి, గాలాలు గుచ్చింది. తలకిందులు చేసి ఊపినా ఒక్కటీ కదల్లేదు. ఆ సాయంత్రం మా వీధిలో వాళ్ళందరికీ ఊపి చూపించింది.

పక్కింటి మారెమ్మ "ఇంత చేసి అందులో ఈగలా? నేనేమో బంగారమనుకున్నా" అంది.

"నీ మెడలో బంగారానికి ముక్కుందా, మీసముందా? నా ఈగకుండాయి చూడు" అంది కృపాకుమారి.

ఇంద్రాణి పెట్టె అల్యూమినియంది. అడుగున హవాయి చెప్పు రబ్బరును పలచగా కోసి, బ్లేడుతో గాట్లు పెట్టి, గాట్లలో గాలాలు ఇరికించింది. చూడడానికి మోటుగా ఉంది.

"ఏమ్మే, చెప్పులు కోసినావు? థర్మకోల్ మిగిలుండాది, ఇస్తా తీసుకో" అంది కృపాకుమారి.

"వద్దులేక్కా. నాకిది చాలు."

"పెద్ద మనుషుల ముందర చెప్పు తెరిచి చూపిస్తావా?"

"చూపిస్తే ఏం, చెప్పు నాదే కదా" అని ఇంద్రాణి నవ్వేసింది.

ఇక్కడ షెడ్డు అలవాటు ఒకటి చెప్పాలి. ఒక యేడు ఈకల బస్తాలకు పురుగు పట్టి సగం సరుకు పొడి అయిందట. అప్పటి నుంచి ప్రతి బస్తాలో, ప్రతి సొరుగులో కలరా ఉండలు వేయడం నియమం. ఈక ఉన్నచోట ఉండ ఉండాలి. ఆ షెడ్డు ఆడవాళ్ళు ఇంటికి పోయినా చీరల్లో అదే వాసన వచ్చేదట. కృపాకుమారికి కూడా ఈగల పెట్టె అంటే అందులో కలరా ఉండ ఉండాలి. ఇంద్రాణి ఏదో పని మీద టౌనుకు పోతుంటే చెప్పింది.

"వచ్చేటప్పుడు కలరా ఉండలు తెచ్చిపెట్టమ్మే. నాలుగు చాలు."

ఇంద్రాణి పాకెట్టు తెచ్చింది. కృపాకుమారి నాలుగు మూలల్లో నాలుగు ఉండలు పెట్టి మూత నొక్కింది. ఇంద్రాణి ఎదురుగానే కూర్చుని ఉంది. నేను గడపలో కూర్చుని పేర్లు రాస్తున్నాను. టక్కుమన్న చప్పుడు ముగ్గురం విన్నాం.

మే నెల మూడో శనివారం ఇద్దరూ పొద్దున ఆరు గంటల బస్సుకు పోయారు. కృపాకుమారి తన పెట్టెకు అంతకు మూడు రోజుల ముందే మూత వేసి, గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టేసింది. మధ్యలో తెరిస్తే దుమ్ము పడుతుందని తెరవలేదు. మా రేకుల ఇళ్ళలో మే నెల ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. బస్సులో సంచి ఒడిలో పెట్టుకుంది. కిటికీ పక్క సీటు ఇంద్రాణికిచ్చింది, ఆమెకు వాంతులొస్తాయని.

విడిది ఆఫీసులో హేమ, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చున్నారు. సరుకు ఇచ్చే వ్యాపారి దగ్గర స్టోరు చూసే జయరాం కూడా వచ్చాడు, ఈకల రకాలు గుర్తుపట్టడానికి. మొదట ఇంద్రాణి పెట్టె తెరిచారు. చెప్పు రబ్బరు చూసి ఒకాయన నవ్వాడు కాని, ఈగలన్నీ నిలబెట్టినట్టు ఉన్నాయి. తరువాత కృపాకుమారి గుడ్డ విప్పింది.

గాజులా మెరిసిన మూత పాలు పోసినట్టు మసకబారి ఉంది. గోరు పెట్టి లాగితే రాలేదు. ఇంకొంచెం బలంగా లాగితే సాగినట్టు వచ్చింది. లోపల థర్మకోల్ లేదు. దాని చోట ఒక తెల్లటి జిగురు. నాలుగు మూలల్లోని ఉండల చుట్టూ గుంటలు పడ్డాయి. ఇరవై నాలుగు ఈగలూ ఆ జిగురులోకి ఒరిగి, ఈకలు అంటుకుని, బురదలో దిగబడిన పశువుల్లా ఉన్నాయి. నేను విడిగా రాసిచ్చిన పేర్ల కాగితం మాత్రం చెక్కుచెదరలేదు.

కృపాకుమారి ఒక ఈగను వేలితో లాగబోయింది. తల చేతికొచ్చింది, తోక అక్కడే ఉండిపోయింది.

హేమ మంచి మనిషే. "పరవాలేదండీ. మాకు చూడాల్సింది మీ చెయ్యి. మా దగ్గర సామాను ఉంది, ఇక్కడే ఒకటి కట్టి చూపించండి" అంది. బల్ల మీద గాలాన్ని బిగించి పట్టే పట్టుసాధనం, దారం, ఈకలు పెట్టించింది. కృపాకుమారి అద్దాలు తుడుచుకుని కూర్చుంది. గాలం బిగించింది. దారం మూడు చుట్లు వేసింది. ఈక అందుకుంది.

అప్పుడు జయరాం ఆ పెట్టెను తిప్పి చూస్తూ, జాలి పడుతూ అన్నాడు: "కలరా ఉండలు పెట్టినావా తల్లీ? అవి థర్మకోల్‌ను, ఈ ప్లాస్టిక్‌ను తినేస్తాయి. ఎండకైతే ఇంకా తొందరగా. పోయినేడు ఇంద్రాణి తెచ్చిన సరుకు కూడా ఇట్లే అయిపోయిండె కదా. ఆ పొద్దు నేనే చెప్పినా. ఏమ్మా ఇంద్రాణీ, అక్కకు చెప్పలేదా?"

ఇంద్రాణి గోడకున్న క్యాలెండర్ వైపు చూసింది.

కృపాకుమారి చేతిలో ఈక అట్లాగే ఉంది. పోయినేడు ఒకసారి సరుకు పాడైందని ఇంద్రాణి చెప్పిన మాట ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. వానకు తడిసిందని చెప్పింది. ఇద్దరూ మూడు రోజులు కూర్చుని అదంతా మళ్ళీ కట్టారు. ఎక్కువ భాగం కృపాకుమారే కట్టింది.

హేమ "కానివ్వండి" అంది. దారం చుట్టుకున్న చోటనే వదులైంది. కృపాకుమారి మళ్ళీ చుట్టింది. మళ్ళీ వదులైంది. మూడోసారి ఈకను బల్ల మీద పెట్టి, అద్దాలు తీసి, "నాకు వద్దులేమ్మా" అంది.

మధ్యాహ్నం మూడు గంటల బస్సుకు ఇద్దరికీ పక్కపక్క సీట్లు. ముందే రిజర్వు చేసినవి. బస్సు ఎలహంక దాటింది.

"అక్కా, మర్చిపోయినా" అంది ఇంద్రాణి.

"మర్చిపోయినదానివి నీకు రబ్బరు ఎందుకు వేసుకున్నావు?"

ఇంద్రాణి చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"నాలుగుండలు తెమ్మంటే పాకెట్టు తెచ్చినావు కదమ్మే. ఆ దుకాణంలో నిలబడినప్పుడన్నా నీకు ఏమీ అనిపించలేదా?"

"అనిపించింది." ఇంద్రాణి అంది: "నేను చెప్పింటే నీకే వచ్చిండేది అక్కా. నీ ముందర నేనెవరు? నాకు తెలుసు. నాకు ఇద్దరు పిల్లోళ్ళు."

"నాకు రెండు కండ్లు" అంది కృపాకుమారి.

లేచి నిలబడింది. చిక్కబళ్ళాపురంలో ఒకాయన దిగితే వెనక సీటు ఖాళీ అయింది కాని ఇంకెవరో కూర్చున్నారు. కండక్టర్ వచ్చి "ఏమమ్మా, సీటు పెట్టుకోని నిలబడ్డావు? కూచో, మనుషులు పోవాల" అని విసుక్కున్నాడు. ఆమె కడ్డీ పట్టుకుని పక్కకు ఒదిగింది. బాగేపల్లి వచ్చింది, పెనుకొండ వచ్చింది. ఆమె కూర్చోలేదు. ఇంద్రాణి తన పక్క సీటులో ఎవరినీ కూర్చోనివ్వలేదట. "మనిషుండాది" అని అందరికీ చెప్పిందట. ఆ మాట వింటూ నిలబడడమే అన్నింటికంటే కష్టమైందని కృపాకుమారి చెప్పింది.

పని ఇంద్రాణికే వచ్చింది. పిల్లలను తీసుకుని జూన్‌లో వెళ్ళిపోయింది. పోయేముందు మా వీధిలో ప్రతి ఇంటికీ వచ్చి చెప్పింది. కృపాకుమారి ఇంటి తలుపు వేసి ఉంది. లోపల రేడియో వినిపిస్తూనే ఉంది. ఇంద్రాణి రెండుసార్లు పిలిచి, గడప దగ్గర కొంచెంసేపు నిలబడి, పోయింది.

ఇప్పుడు సరుకు బస్సు పార్సెల్‌లో వస్తుంది, పార్సెల్‌లో పోతుంది. రోజుకు యాభై కడుతున్నదో లేదో. దారం ఎక్కించడానికి నన్ను పిలుస్తూనే ఉంటుంది. ఒకరోజు అడిగాను, ఆ రోజు హేమ అంత అవకాశం ఇస్తే ఎందుకు కట్టలేదని. పదకొండేళ్ళు నూరేసి కట్టిన చెయ్యి కదా అని.

ఆమె కొంచెంసేపు గాలాన్ని వెలుతురుకు పెట్టి చూసింది.

"చివరి ముడి వేసేటప్పుడు ఊపిరి బిగబట్టాలమ్మా. లేకుంటే ఈక కదుల్తుంది. ఇంద్రాణికి నేను నేర్పిన మొదటి మాట అదే" అంది. "ఆ పొద్దు అది నా పక్కనే కూచోనుండాది. బిగబట్టేకి నాకు ఊపిరి యాడిది?"

దారం ఎక్కించి ఇచ్చాను. తీసుకుని పనిలో పడింది.