బాబాయి ఎప్పుడూ డిస్కే

బాబాయికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కంప్యూటర్లో ఏది ఆగిపోయినా, ఆయన ఆఫీసులో కంటబడ్డ మనుషులందరినీ లేపి నాటకం వేయిస్తాడు. ఆయన ఎవరికీ బాబాయి కాడు. అయినా అందరూ అలాగే పిలుస్తారు. నాటకంలో ఎవరికి ఏ వేషం పడ్డా ఆయన మాత్రం ఫైళ్ళు దాచే డిస్కు. డిస్కంటే కుర్చీలో కూర్చుని కదలకపోవడం.

ఈ సంగతి ఈమధ్యే ఉద్యోగంలో చేరిన కొత్తమ్మాయికి తెలియదు. ఆ ఉదయం ఆమెకు తెలిసిందల్లా తన కొంప మునిగిందని.

కంపెనీ పని జనం ఫైళ్ళు దాచిపెట్టడం. ఒక్కో ఫైలునీ ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ ఒక్కో యంత్రంలో పడేస్తారు. అడిగినప్పుడు అతికించి ఇస్తారు. ఆ ముక్కల్ని మోసే కూలీల పేరు థ్రెడ్లు. పొద్దుట్నుంచీ కూలీలందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఫోటో స్టూడియోవాడు పెళ్ళి ఆల్బమ్ రావట్లేదని ఫోన్లో ఏడుస్తున్నాడు. కొత్తమ్మాయి రాసిన కోడు ముందురోజే ఆ యంత్రాల్లోకి ఎక్కించారు.

మేనేజరు కుక్కర్‌లా ఈల వేసుకుంటూ వచ్చి, "ఎవరి తప్పయితే వాళ్ళు సాయంత్రానికి ఇంటికే" అని వెళ్ళాడు. 'ఎన్నాళ్ళు నిలుస్తావో నేనూ చూస్తా' అని ఉద్యోగంలో చేరేటప్పుడు అన్నయ్య అన్న మాట ఆమె చెవిలో గింగురుమంది.

బాబాయి దగ్గరికి పరిగెత్తింది. ఆమెను చూడగానే ఆయన లాప్‌టాప్ టప్పున మూసేశాడు.

"లాగ్ చిట్టాలో ఏం రాసుందమ్మా?"

"ఏం లేదు బాబాయ్. థ్రెడ్లన్నీ ఎదురుచూస్తున్నాయి. దేనికోసమో తెలీట్లేదు."

"అయితే పద. అకౌంట్స్ తల్లీ, నువ్వూ రా. వాచ్‌మన్, నువ్వు కూడా."

"నాకు వోచర్లున్నాయి," అంది అకౌంట్లు చూసే అక్క.

"నువ్విప్పుడు థ్రెడ్డువి. థ్రెడ్లకి వోచర్లుండవు."

గోడ మేకుకున్న బాత్రూం తాళంచెవి తీశాడు. ఆ అంతస్తుకి బాత్రూమూ ఒకటే, తాళంచెవీ ఒకటే. పోకుండా దానికి చెయ్యంత చెక్క కట్టారు.

"ఇది ఫైలు తాళం. చేతిలో ఉన్నవాళ్ళే ముక్కలు అడగాలి. మిగతావాళ్ళు మేకు దగ్గర వరసలో ఆగాలి. నేను డిస్కుని."

"బాబాయ్, అవతల పెళ్ళి ఆల్బమ్..."

"ముందు తాళం పట్టుకో."

పట్టుకుంది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. మొదటి ముక్క అడిగితే ఆయన బిస్కెట్ ఇచ్చాడు. రెండోది అడిగితే ఇంకోటి ఇచ్చాడు. మూడోది అడిగింది.

"లేదు. ఆ యంత్రం పోయింది."

"పోతే నేనేం చెయ్యాలి?"

"నాకేం తెలుసు, డిస్కుని. నీ కోడులో ఏం రాశావో అదే చెయ్యి."

"ఎర్రర్ అని చెప్పి వెళ్ళిపోతాను."

"వెళ్ళు మరి."

వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

"చచ్చావు. చచ్చిన థ్రెడ్ మాట్లాడకూడదు."

అక్కా, వాచ్‌మనూ ఖాళీ మేకు వంక చూస్తూ నిలబడ్డారు. కొత్తమ్మాయి గడియారం వంక చూసుకుంది. అటు ఉద్యోగం పోతుంటే ఇటు తను శవంలా కూర్చుంది.

అప్పుడొచ్చాడు మేనేజరు. నాటకం చూడ్డానికి కాదు. మొహం బిగబట్టుకుని సరాసరి మేకు దగ్గరికి వచ్చాడు.

"తాళంచెవి ఏది?"

"వరసలో రండి సార్," అన్నాడు వాచ్‌మన్.

"ఎవరి దగ్గరుంది?"

"చచ్చిపోయినావిడ దగ్గర," అంది అక్క.

"ఏమ్మా, ఇలా ఇవ్వు!"

కొత్తమ్మాయి బాబాయి వంక చూసింది. ఆయన పెదవి మీద వేలు పెట్టాడు. మేనేజరు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారాడు.

"పని వదిలేసి పోయేటప్పుడు తాళం తగిలించి పోవాలని తెలీదూ?" అని అరిచాడు.

ఆమె తన పిడికిట్లోని చెక్క వంక చూసుకుంది.

"బాబాయ్! నేను తగిలించలేదు! ముక్క దొరక్కపోతే నా థ్రెడ్డు తాళం పట్టుకునే చచ్చిపోతోంది! మిగతావన్నీ దానికోసమే ఆగాయి!"

"నీ థ్రెడ్డా?" మేనేజరు చెవులు నిక్కాయి. "అంటే ఈ కోడు రాసింది..."

డిస్కు కదిలింది. నాటకాల చరిత్రలో అదే మొదటిసారి. బాబాయి లేచి, ఆమె చేతిలోంచి తాళంచెవి అందుకుని పైకెత్తాడు.

"సార్, ఎవరు రాశారో విచారిద్దామా, ముందు ఇది కావాలా?"

మేనేజరు లాక్కుని పరిగెత్తాడు. తిరిగి వచ్చేసరికి కోడు సరిచేయడం అయిపోయింది, ఆల్బమ్ కదిలింది, ఆయన మొహం ప్రశాంతంగా ఉంది.

"తప్పు ఎవరు పట్టుకున్నారు?"

"ఈ అమ్మాయే సార్."

"శభాష్. నేనింకేదో అడగాలనుకున్నానే..."

"గుర్తొస్తే చెప్పండి సార్," అన్నాడు బాబాయి.

బిస్కెట్లు తిరిగివ్వడానికి వెళ్ళిన కొత్తమ్మాయి, బాబాయి అప్పుడే తెరిచిన లాప్‌టాప్ చూసి ఆగిపోయింది. తెర మీద ఉన్నది సరిచేయకముందు తన కోడే. పొద్దున ఆయన మూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, తాళం తగిలించడం మరిచిపోయిన ఆ లైను పక్కనే కర్సర్ మిణుకుమిణుకుమంటూ.

"మీకు ముందే తెలుసు! చెప్పొచ్చుగా?"

"నేను చెబితే అది నీ తప్పయ్యేది. నువ్వు పట్టుకుంటే నీ తెలివి అయింది. అయినా నాకేం తెలుసమ్మా, డిస్కుని. ఒక బిస్కెట్ ఇలా పడెయ్."

ఇంతలో వసారాలోంచి అక్క కేక. "తాళంచెవి ఏదర్రా?"

మేకు ఖాళీ. కింద మేనేజరు కారు గేటు దాటుతోంది.

"ఆయన జేబులోనే ఉండుంటుంది! ఉండు, ఫోన్ చేసి నాలుగు దులిపేస్తా!" అంది అక్క.

"దులపకక్కా, వెనక్కి రమ్మను చాలు," అంది కొత్తమ్మాయి, బాబాయి కుర్చీ తనవైపు లాక్కుని కూర్చుంటూ. "వచ్చాక ఆయనతోనే నాటకం వేయిద్దాం. ఈసారి డిస్కు నేను."