పదకొండు ముంతలు, ఒక ఫ్రెంచి సీసా

ఫ్రాన్సులో ఒక కొండవాలు ఊళ్ళో, నాలుగు తరాలుగా వైన్ చేస్తున్న ఒక కుటుంబం వాళ్ళ నేలమాళిగలోకి దిగగానే నాకు మొదట తగిలింది తడిసిన మట్టికుండ వాసన. దాని వెనకే పండిన తాటిపండు తొక్క, ఇంకా అడుగున పులిసిన మజ్జిగ లాంటిదేదో. వడపోత యంత్రాలు తయారుచేసే మా కంపెనీ పనిమీద, పోయినేడాది పది రోజులు అక్కడున్నాను. తోట, పీపాలు, అమ్మకం అన్నీ చూసుకునేది ముగ్గురే: ఒక ముసలాయన, ఆయన కూతురు, అల్లుడు.

నా ముందు మూడు గ్లాసులు పెట్టారు. అలవాటు కొద్దీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఒకటి: తెల్లది, నిమ్మతొక్క, వానకి తడిసిన రాయి. రెండు: ఎర్రది, నేరేడు వగరు, చివర్లో మిరియం. మూడు: ముసలి ద్రాక్షతీగలది, లేత పసుపు, మళ్ళీ ఆ తాటిపండే. గోడల మీద నల్లగా బూజు పేరుకుని ఉంటే, దీన్ని శుభ్రం చెయ్యరా అని అడిగాను. కూతురు నవ్వి, ఇది గీకితే మా నాన్న నన్ను ఇంట్లోంచి గెంటేస్తాడంది. వాళ్ళు బయటి ఈస్ట్ కొనరు. ఆ గోడలకీ పీపాలకీ తరాలుగా పట్టి ఉన్నదే రసాన్ని పులియబెడుతుంది. పీపాల్ని ఉత్త నీళ్ళతో కడుగుతారు, అంతే. ఆ మాటకి నా చెవులు వేడెక్కాయి.

శృంగవరపుకోట అవతల, కొండల కింద ఉన్న మా అమ్మ పుట్టినూళ్ళో తాత తాటిచెట్లు గీసేవాడు. వేసవి సెలవులంటే నాకు ఆ ఇల్లే: పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తాగే చోడంబలి, కాల్చిన ఎండుచేప వాసన, జీడిమామిడి పళ్ళ రసం కారి చొక్కాల మీద పడ్డ వదలని మరకలు, ముంజెలు తినేసిన బుర్రలకి పుల్ల గుచ్చి తోసుకుంటూ తిరిగే బళ్ళు, మధ్యాహ్నం వడగాలికి గలగలమనే తాటాకులు. తాత నడుముకి మోకు, వెనక కత్తి, కాయలు కాసిన అరచేతులు. ఆయన దగ్గరికి వస్తే చెమటా కల్లూ కలిసిన వాసన వచ్చేది, అది నాకు ఇష్టంగానే ఉండేది.

ఆయనకి పదకొండు చెట్లు. ప్రతిదానికీ ఒక పేరు, ఒక ముంత. ఒక చెట్టు ముంత ఇంకో చెట్టుకి కట్టడు, ఒక చెట్టు కల్లు ఇంకోదాంట్లో కలపడు. దిగగానే తాటాకు దొప్పలో కొంచెం పోసుకుని, నాలుక మీద తిప్పి, కళ్ళు మూసుకుని చెప్పేవాడు. జంట తాటిచెట్లలో తూర్పుదానికి చెరుకు కణుపు, పడమరదానికి పచ్చి చింతకాయ, పిడుగు పడిన దానికి పొయ్యిలో కమిలిన అరటాకు. నేను వరస నంబర్లు వేసి రాసుకునేవాణ్ణి. నాకు మాత్రం సున్నం పూసిన చిన్న ముంతలోని, పులియని తీపి నీరే.

ఆ ఊళ్ళో అమ్మవారి పండగనాడు మొదటి ధార కల్లుదే. ఎవరి కల్లు పొయ్యాలో ఊరి పెత్తందారు పెద్ద నాయుడు రుచి చూసి తేల్చేవాడు. ఏళ్ళ తరబడి ఆ వంతు మా తాతదే. అవతలి పేటలో చెట్లు గీసే అప్పన్న ఆ వంతు కోసం కాచుకుని ఉన్నాడని అందరికీ తెలుసు.

ఆ ఏడు నేను ఆరో తరగతి. సూక్ష్మజీవుల పాఠం అప్పుడే చదివాను. పండగ ముందురోజు తాత పదకొండు ముంతలూ దించి కల్లు వంపేసి, మధ్యాహ్నం కునుకు తీశాడు. వాటి లోపల జిగటగా, తెల్లగా పట్టిన మడ్డి చూసి నాకు ఒళ్ళు జలదరించింది. అమ్మవారికి ఇందులోనా! బూడిద, కొబ్బరిపీచు, కాగిన నీళ్ళు. ఒక్కోటీ మూడుసార్లు తోమి, బోర్లించి ఎండబెట్టి, పుస్తకంలో పదకొండు టిక్కులు పెట్టాను.

తాత లేచి ఒక ముంతలో ముక్కు పెట్టాడు. రెండోదాంట్లో పెట్టాడు. నేను పుస్తకం చూపించాను.

“అన్నీ కడిగేశావేటిరా?”

“అన్నీ తాతా. మూడేసి సార్లు.”

ఆయన కాసేపు నా బుర్ర నిమిరాడు. కల్లుకి వేరే ముంతల్లేవు. అవే పట్టుకెళ్ళి కట్టాడు.

తెల్లారి గుడి దగ్గర పెద్ద నాయుడు దొప్ప ఎత్తి, ఒక గుక్క తాగి, మొహం చిట్లించాడు. “ఏటోయ్ ఇది? శ్రీరామనవమి ఎలిపోనాది కదా, ఇప్పుడు పానకం తెచ్చావేటి?”

జనం ఘొల్లుమన్నారు. “మావకి ముసిలితనం వచ్చేసినాది, కల్లు పులవడం మర్సిపోనాది!” అని అప్పన్న వెనకనుంచి అరిచాడు. నేను పుస్తకం చొక్కాలోకి దోపుకున్నాను. తాత నావైపు చూడను కూడా చూడలేదు.

“ఈ యేడు అమ్మోరికి తీపి తాగాలనిపించినాది నాయుడు బావా. నానేటి సేత్తాను?” అన్నాడు.

ఆ వంతు అప్పన్నకి పోయింది. మళ్ళీ తాతకి రాలేదు. ముంతలకి పాత గుణం రావడానికి ఆ వేసవి దాదాపు అయిపోయింది. కారణం ఎవరడిగినా ఆయన అమ్మవారినే చెప్పాడు. అమ్మమ్మకి కూడా.

మొన్న ఆ ఫ్రెంచి ఇంటి మూడో రకం సీసా ఒకటి తాత దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన చెట్టెక్కడం మానేసి చాలా కాలమైంది. చెట్లున్న గట్ల మీద ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతి ఉన్నాయి; జంట తాటిచెట్లలో పడమరది ఒక్కటే, గీసేవాళ్ళు లేక, ఎండిన మట్టలు వేలాడేసుకుని నిలబడింది. దొప్పకి ఆకు కోసిచ్చేవాళ్ళు లేరు గనక స్టీలు గ్లాసులో పోశాను. ఆ ఊరు, ఆ ముగ్గురు, ఆ గోడలు, ఏదీ చెప్పలేదు. చెబితే పరీక్ష కాదు గదా. తాత నాలుక మీద తిప్పి, కళ్ళు మూసుకున్నాడు. నేను పెన్ను తీసి పట్టుకున్నాను.

“కుండలు తోమనేదురా ఈళ్ళు,” అన్నాడు. ఇంకో గుక్క తాగి, గ్లాసు నా చేతిలో పెట్టాడు. “ఆళ్ళింట్లో నీలాటి గుంటడెవడూ లేడు కావాల.”