గ్రీసు వెళ్ళేముందు దోహా సముద్రంలో నేర్చుకున్న గ్రీకు మాటలు

మా అల్లుడు రమేష్ ఏప్రిల్‌లో అందరం గ్రీసు దేశం వెళ్దామన్నప్పుడు, ఏదో హోటల్లో దిగుతాం కాబోలు అనుకున్నాను. కాదట. తెరచాప పడవ ఒకటి అద్దెకు తీసుకుని, వారం రోజులు అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, రోజుకో దీవి చూసి రావడమట. విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. మాది వినుకొండ దగ్గర మెట్ట ఊరు. నేను చూసిన పెద్ద నీళ్ళంటే సాగర్ కాలువే. దోహా వచ్చాక సముద్రం చూశాను గానీ, కార్నిష్ గట్టు మీద, అదీ అంచుకు బాగా ఇవతలగా కూర్చుని. నేను రానంటే సరిపోయేది, కానీ మా అమ్మాయి పద్మ ముడి పెట్టింది. "నిన్నొక్కదాన్నీ ఫ్లాట్‌లో వదిలి నేనెలా వెళ్తానమ్మా? నువ్వు రాకపోతే నేనూ ఆగిపోతాను" అంది. పద్మ ఇక్కడ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. దానికి దొరికిన సెలవులన్నీ ఇన్నేళ్ళూ వాళ్ళ నాన్నగారి జబ్బుకీ, ఆ తర్వాత నాకూ సరిపోయాయి. సరదాగా తిరగడానికని అది బయల్దేరడం ఇదే మొదటిసారి. గ్రీసు పడవ వాళ్ళకు ఆదివారంలోగా ఖాయమని చెప్పాలి. అందుకని రమేష్ ఒక ఉపాయం చెప్పాడు. శుక్రవారం ఇక్కడే ఒక పూట తెరచాప పడవ ఎక్కి చూద్దాం, అత్తయ్యగారు తట్టుకుంటే సరే, లేదంటే ఈ ఏడాదికి మానేద్దాం అన్నాడు. మానేద్దాం అనగానే పద్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది.

నేను ఐదో తరగతి దాకానే చదువుకున్నాను. ఇది కాగితం మీద రాస్తే పద్మ టైపు చేసి పెట్టింది. మీ ఇంట్లో నాలాంటి పెద్దావిడ ఉండి, మీరూ ఇలాంటి ప్రయాణం అనుకుంటుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

పడవాయన పేరు కోస్తాస్. గ్రీసు దేశస్థుడు, చాలా ఏళ్ళుగా దోహాలోనే ఉంటున్నాడు. పాత ఓడరేవు దగ్గర పడవ పెట్టుకుని, మనిషికి రెండు వందల యాభై రియాళ్ళకు సఫ్లియా దీవి దాకా తీసుకెళ్ళి తీసుకొస్తాడు. పెద్దదాన్నని నాకేమీ తగ్గించలేదు. మేముండే ఉమ్ ఘువైలినా నుంచి ఓడరేవు దగ్గరే, ట్యాక్సీలో పది నిమిషాలు. పొద్దున ఎనిమిదిన్నరకు అక్కడుండాలన్నారు. నేను నాలుగింటికే లేచి పులిహోర కలిపాను. సంచిలో వాము, నిమ్మకాయలు, బీపీ మాత్రలు, శాలువా, పిన్నీసులు పెట్టుకున్నాను. కాఫీ మాత్రం తాగలేదు, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. బస్సు ప్రయాణాలప్పటి నుంచీ నాకు అదే అలవాటు. దారిలో ఆపమని ఎవరినీ అడగక్కర్లేదు.

ట్యాక్సీలో రమేష్ నాకు మాటలు నేర్పాడు. "పొద్దున పలకరింపు కలిమేరా అత్తయ్యా. థాంక్స్ అనాలంటే ఎఫ్‌హరిస్తో. పరకలో అంటే దయచేసి అని. అవునంటే నే, కాదంటే ఓహి." నేను అన్నీ పైకి చదువుతుంటే కేరళ డ్రైవరు అద్దంలోంచి చూసి, నేనేదో స్తోత్రం చదువుకుంటున్నాననుకుని పాట ఆపేశాడు.

పడవ దగ్గర తాడు పట్టుకుని మరొకతను నిలబడి ఉన్నాడు. పేరు సాయిలు, కోస్తాస్ దగ్గర పనిచేస్తాడు. జగిత్యాల పక్క ఊరు, ఇద్దరు పిల్లల తండ్రి. మా మాట విని మొహమంతా నవ్వుతో, "మనోళ్ళా? రా పెద్దమ్మా, చెయ్యి గిట్లియ్యి. ముందుగాల చెప్పులిప్పాలె, పడవల చెప్పులు నడువయ్" అన్నాడు.

"ఇది ఒరగదు కదా నాయనా?"

"ఒరుగుతది. తెరచాప పడవ ఒరగకపోతే నడువది పెద్దమ్మా. ఒరిగినా ముంచది, నాది గ్యారంటీ."

"నీకు ఈత వచ్చా?"

"నాకు రాకుంటే ఏంది, సారుకొస్తది గద" అని నవ్వి, నా మొహం చూసి, "వస్తది, వస్తది. మా ఊర్ల గల్ఫ్ అంటే దుబాయే, అందరి లెక్కల నేను దుబాయ్‌లనే ఉన్న. గీ పడవ ఫొటో పంపితే సాయిలు దుబాయ్‌ల షేక్ అయిండు అంటున్నరట" అన్నాడు.

కోస్తాస్‌కు నేను చేతులు జోడించి కలిమేరా చెప్పాను. ఆయన సంతోషపడి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని 'యయా' అన్నాడు. యయా అంటే నానమ్మ, అమ్మమ్మ ఎవరైనా అదేనట. ఒంటికి కట్టుకునే తేలుడు చొక్కా ఇచ్చాడు, దాన్ని సొసీవియో అంటారు. చీర మీద అది బిగించడానికి పద్మ, సాయిలు ఇద్దరూ తిప్పలు పడ్డారు. మీరు పంజాబీ డ్రెస్ వేసుకోండి, నేనూ ఏప్రిల్‌లో అదే వేసుకుంటాను.

రేవు దాటేదాకా ఇంజను మీద వెళ్ళి, తర్వాత చాప ఎత్తారు. తాడును స్కిని అంటారు. కోస్తాస్ స్కిని అనగానే సాయిలు లాగుతాడు, సిగా సిగా అంటే నెమ్మదిగా వదులుతాడు. ఇంజను ఆగాక ఎంత నిశ్శబ్దం! పడవ ఒక పక్కకు ఒరిగింది. నేను కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఉన్న దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. వెనక్కి చూస్తే దోహా మేడలన్నీ ఒక పళ్ళెంలో నిలబెట్టినట్టు కనిపించాయి. ముందు వైపు పద్మ రమేష్ పక్కన కాళ్ళు చాపుకుని, జుట్టు విరబోసుకుని కూర్చుంది. దాన్ని అలా చూసి ఎన్నాళ్ళయిందో.

కోస్తాస్ కాసేపటికోసారి నావైపు తిరిగి "ఓలా కలా?" అంటాడు. అంతా బాగుందా అని. నేనూ తల ఊపి "ఓలా కలా" అంటాను. సీసా చూపించి "నెరో?" అంటాడు. నెరో అంటే నీళ్ళు, మన నీరులాగే ఉంది, మరిచిపోరు. నేను చెయ్యి అడ్డం పెట్టి ఎఫ్‌హరిస్తో అంటాను. సాయిలు టీ తెచ్చినా వద్దన్నాను. మనింటికొచ్చిన చుట్టం రెండుసార్లు వద్దంటే మూడోసారి బతిమాలతాం. కోస్తాస్ బతిమాలలేదు. వద్దంటే వద్దనే అనుకున్నాడు.

సఫ్లియా దగ్గర లంగరు వేసి, చాప కింద నీడలో భోజనాలు పెట్టారు. కోస్తాస్ రొట్టె, జున్నులాంటి తెల్లటి ముద్ద, ఆలివ్ కాయలు పెట్టాడు. మాంసం తినకపోతే 'హోరిస్ క్రేయాస్' అనాలి, మాంసం లేకుండా అని. నా పులిహోర ఆయన మూడుసార్లు వేయించుకున్నాడు. నేను మాత్రం రెండు ముద్దలే తిన్నాను.

తిరుగు ప్రయాణంలో ఎండ నెత్తికెక్కింది, గాలి పెరిగింది. నాకు కళ్ళు తిరగడం మొదలయింది. నాలిక అంగిలికి అతుక్కుపోయింది. ఇంతేలే, సముద్రం నాకు పడదని తేలిపోయింది అనుకున్నాను. కోస్తాస్ ఓలా కలా అన్నాడు. ఓలా కలా అన్నాను. నాకోసం పడవ ఆపించడమెందుకు, ఎలాగో గట్టు చేరితే చాలనిపించింది. అప్పుడు పద్మ నా మొహం చూసి రమేష్‌తో నెమ్మదిగా అన్న మాట గాలికి నాదాకా వచ్చింది. "అమ్మ వల్ల కాదండీ. నేను ఆగిపోతానులే, మీరొక్కరే వెళ్ళి రండి."

ఆ మాటకు నాకు కళ్ళు తిరగడం కన్నా ఎక్కువ బాధేసింది. కోస్తాస్ వైపు తిరిగి, "ఓహి. ఓహి కలా" అన్నాను. బాగాలేదు అని. ఆయన వెంటనే తాడు వదిలాడు. చాప పటపట కొట్టుకుంది, పడవ నిటారుగా నిలబడింది. ఒక్క మాటకు అంత పడవ ఆగుతుందని నేననుకోలేదు.

సాయిలు నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఏమైంది పెద్దమ్మా? కడుపుల తిప్పుతుందా?"

చెప్పడానికి సిగ్గేసింది. మగపిల్లాడు. పద్మ వచ్చి నా భుజం పట్టుకుంది.

"పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదు నాయనా. తాగితే పోవాల్సొస్తుంది. ఈ పడవలో ఎక్కడికని పోను?"

పద్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "రోజూ ఎంతమంది రక్తమో పరీక్ష చేస్తాను, మా అమ్మ నోట్లో చుక్క నీళ్ళు లేవని చూసుకోలేదు. ఏంటమ్మా ఇది?"

సాయిలు నవ్వలేదు. "మా అవ్వ గూడ గంతే. కరీంనగర్ బస్సెక్కిందంటే నీళ్ళు ముట్టది. పడవల బాత్రూమ్ ఉంది పెద్దమ్మా, పొద్దుగాలనే చూపెట్టేది నేను మరిచిన" అన్నాడు. కోస్తాస్‌కు చెప్తే ఆయన తన గుండెల మీద చెయ్యి పెట్టుకుని, "టువలేటా" అని నాకు వత్తి పలికాడు. దాన్నీ మనం టాయిలెట్ అన్నట్టే అంటారు. ఎక్కడుంది అని అడగాలంటే 'పూ ఇనే టువలేటా?' అనాలి. కలిమేరా కన్నా ముందు నేర్చుకోవాల్సింది అదే.

మూడు మెట్లు దిగితే కింద చిన్న గది. తలుపుకు గడియ ఉంది. పక్కన చేతిపంపులాంటి పిడి, దాన్ని పైకీ కిందకీ కొడితే నీళ్ళు వచ్చి శుభ్రమవుతుంది. కాగితం మాత్రం అందులో వెయ్యకూడదు, పక్కన బుట్టలో వెయ్యాలి. పద్మ నాకు పిడి కొట్టి చూపించింది, నేనూ కొట్టాను. పైకొచ్చి ఉప్పు, నిమ్మకాయ వేసిన నీళ్ళు రెండు గ్లాసులు తాగాను. కాసేపటికి కళ్ళముందు తెర తొలగినట్టయింది.

రమేష్ ఇక నేరుగా గట్టుకు వెళ్ళిపోదామన్నాడు. నేనే వద్దన్నాను. గాలి ఇంకా అంతే ఉంది, ఎండా అంతే ఉంది. మళ్ళీ ఒక చుట్టు తిరిగితే, నాకు పడనిది సముద్రమో, నీళ్ళు తాగకపోవడమో తెలిసిపోతుంది కదా అన్నాను. "పద అని ఏమంటారు?" అని సాయిలును అడిగాను.

"పామే. ఇక్కడ అరబ్బులు యల్లా అంటరు గదా, గదే."

"పామే" అన్నాను కోస్తాస్‌తో. ఆయన చాప బిగించాడు, పడవ మళ్ళీ ఒరిగింది. నాకు భయమేసింది, కమ్మీ వదల్లేదు. కానీ కళ్ళు తిరగలేదు. గట్టు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. దిగేటప్పుడు సాయిలు, "ఏప్రిల్‌ల పో పెద్దమ్మా, మంచిగ తిరిగి రా" అన్నాడు.

ఆ సాయంత్రమే రమేష్ గ్రీసు పడవ ఖాయం చేశాడు, నలుగురు పట్టే ఆ పడవలో మా ముగ్గురి పేర్లూ రాయించాడు. పద్మ ఫోన్లో దీవుల ఫొటోలు చూపిస్తూ నా పక్కనే నిద్రపోయింది. నాకు ఇంకా బోలెడు భయాలున్నాయి. రాత్రి గాలొస్తే ఎలా, మందులు అయిపోతే ఎలా, ఊళ్ళో ఇంటి తాళం ఎవరైనా చూస్తున్నారో లేదో. ఇవేవీ పోయేవి కావు, నేను పుట్టిందే అలా. కానీ ఎవరికీ ఇబ్బంది కాకూడదని నోరు మూసుకుని కూర్చుంటే, అందరికన్నా ఎక్కువ ఇబ్బంది నా బిడ్డకే పెట్టబోయానని తెలిసింది. బాగాలేదని ఒక్క మాట అంటే అంత పడవా ఆగింది, ఎవరూ విసుక్కోలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళను పడవ ఎక్కిస్తే, మాటలు నేర్పేముందు ఒక పని చెయ్యండి. వాళ్ళు కూర్చోకముందే, వాళ్ళు అడగకుండానే, ఆ గది చూపించి పిడి వాళ్ళ చేత్తోనే ఒకసారి కొట్టించండి. ఆ తర్వాత నీళ్ళ గ్లాసు ఇచ్చి, తాగేదాకా పక్కనే నిలబడండి.