రెండో ప్రాసెసర్

ఇది ఎన్నేళ్లుగానో నా గొంతుకడ్డం పడి ఉంది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను. ఒక మంచి మనిషి మీద దొంగ అనే ముద్ర వేశాను. తప్పు నాదని తెలిశాక కూడా నోరు విప్పలేదు.

భీమవరం దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో నా ఉద్యోగం. అక్కడి కంప్యూటర్లన్నీ యోహానుగారు చూసేవారు. నేను ఆయన కింద చేరాను. చెయ్యి పట్టుకుని పని నేర్పింది ఆయనే. సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే పీట, కోర్లంటే ఆ ప్రాసెసర్ చేతులు, ఒక్కో చెయ్యి రెండేసి పనులు అందుకుంటే అవి థ్రెడ్లు అని నవ్వుతూ చెప్పేవారు. మా సర్వర్‌కి రెండు పీటలు, రెండు ప్రాసెసర్లు.

ఆ వేసవిలో సర్వర్ నత్తనడక పట్టింది. యోహానుగారు సెలవులో ఉన్నారు. ఎండీగారు నన్ను చూడమన్నారు. కమాండ్ కొట్టాను. సాకెట్లు ఒకటి అని వచ్చింది. మళ్లీ కొట్టాను. ఒకటే. కొన్నవి రెండు కదండీ అన్న మాట నా నోటి నుంచే వచ్చింది. మొన్న ఫ్యాను మార్చడానికి మూత విప్పింది యోహానుగారొక్కరే అన్నదీ నేనే. ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఎందుకన్నాను? తెలివైనవాడినని అనిపించుకోవాలనా? ఆయన కుర్చీ మీద కన్నుందా? లేదని గట్టిగా చెప్పలేను.

పోలీసులదాకా ఎందుకులే, మానేయమనండి అన్నారు ఎండీగారు. సెలవు నుంచి వచ్చిన మనిషిని లోపలికి కూడా రానివ్వలేదు. ఆయన గేటు దగ్గరికి నన్ను పిలిపించుకున్నారు.

“నువ్వు చూసింది లోపల కట్టిన మిషన్ నాన్నా. దానికి నేను ఒకటే ఇచ్చాను. అసలు మిషన్‌లోంచి చూడు. నమ్మకపోతే మూత తీసి చూడు.”

“కంటైనర్లకి సరుకు లోడింగ్ నడుస్తోందండి. ఇప్పుడు ఆపితే సార్ ఒప్పుకోరండి.”

మూత తీయాలంటే సర్వర్ ఆపాలి, నిజమే. కానీ అసలు మిషన్‌లోంచి చూడడానికి ఏదీ ఆపక్కర్లేదు, నిమిషం పని. ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తో చిన్న మిషన్లు కట్టుకుంటాం, వాటికి మనం ఎంత కేటాయిస్తే అంతే కనిపిస్తుంది అని నాకు నేర్పింది కూడా ఆయనే. గేటు దగ్గర ఆ మాట వినగానే నేనెక్కడ పొరబడ్డానో తెలిసిపోయింది. అయినా వెళ్లి చూడలేదు. చూస్తే ఎండీగారి ముందు తలెత్తుకునేదెలా అని భయం.

ఏదైనా పాడైతే తప్ప మా సర్వర్‌ని ఆపేది ఏడాదికోసారి, ఆయుధపూజ నాడు. యోహానుగారు బొట్టు పెట్టేవారు కాదు గానీ, పూజకి ముందు మూత విప్పి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపేది ఆయనే. ఆ దసరాకి ఆ బ్రష్ నా చేతికొచ్చింది. మూత తీశాను. రెండు పీటలూ నిండుగానే ఉన్నాయి. దుమ్ము దులిపాను. మూత వేసి, పసుపు రాసి, బొట్టు పెట్టాను. ఎండీగారు కొబ్బరికాయ కొట్టారు. ఆన్ చేశాక, ఈసారి అసలు మిషన్‌లోంచి చూశాను. సాకెట్లు రెండు. వెళ్లి అందరితోపాటు ప్రసాదం తిన్నాను.

అప్పుడే చెప్పొచ్చు కదా అంటారు. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నానండి అప్పటికే.

ఆయన రాజమండ్రిలో ఒక చిన్న షాపులో కంప్యూటర్లు బాగుచేసేవారట. కంపెనీలవాళ్లు ఉద్యోగం ఇచ్చేముందు మా ఆఫీసుకి ఫోన్ చేసి వాకబు చేసేవారు. ఆ ఫోన్లు ఎత్తింది నేనే. ఆయన గురించి నాకేం తెలీదండి అనేవాణ్ణి. ఆ మాట చాలింది. చర్చిలో ముందు నిలబడి పాట ఎత్తుకునే మనిషి, వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టారని విన్నాను.

పోయిన నెల ఆయన పోయారు. వెళ్లాను. వాళ్లావిడ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించారు. ఆఫీసు నుంచి వచ్చింది మీరొక్కరేనండి, మిమ్మల్ని ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదండి అన్నారు. అప్పుడైనా చెప్పాలి కదా? ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేశాను.

ఇది రాస్తుంటే ఏడుపు ఆగడం లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సిన మనిషి లేరు. ఆవిడ దగ్గరికి వెళ్లి చెప్తానని మాటివ్వను, నన్ను నేనే నమ్మను. ఒక్కటి మాత్రం ఇన్నేళ్లకి నోరు తెరిచి చెప్తున్నాను, వినండి. రెండూ అక్కడే ఉన్నాయి. యోహానుగారు ఏమీ తీయలేదు.