ఈస్ట్ మార్చిన పెద్దత్తయ్య

పెద్దత్తయ్య జన్మలో చెప్పిన ఈస్ట్ వేసిన పాపాన పోలేదు. నీళ్ళలో నానబెట్టే గుళికలు వెయ్యమంటే, నేరుగా పిండిలో కలిపే పొడి వేస్తుంది. పొడి వెయ్యమంటే ఫ్రిజ్‌లోంచి పచ్చి ఈస్ట్ ముద్ద తీస్తుంది. ముద్ద వెయ్యమంటే, సీసాలో నురగలు కక్కుతున్న పులిసిన పిండి ఒంపుతుంది.

"కొలతలు మారతాయి కదా పెద్దత్తయ్యా?" అని ఆవిడ చెల్లెలి కోడలు ఓసారి అడిగింది. ఆ పిల్ల సూక్ష్మజీవశాస్త్రం చదువుకుంది.

"ముద్దయితే పొడికి మూడింతలు. తీరిక ఉంటే సీసా. పిండికేం తెలుస్తుందమ్మాయ్, ఏది వేశామో?"

అందుకే ఆ కుటుంబంలో ఎవరి రొట్టె పొంగకపోయినా, "ఆవిడ గానీ వచ్చి వెళ్ళిందా?" అని అడిగేవారు. ఆవిడ కాదనేది కాదు. "ఈస్ట్ మార్చాను" అనేది, ఘనకార్యం చేసినట్టు.

పాప పుట్టాక ఆ కోడలికి భయాలు కూడా పుట్టాయి. పాలసీసా, చెంచా, గిలక్కాయ, ఆఖరికి గిలక్కాయ దాచే డబ్బా కూడా కాగే నీళ్ళలో మునిగి తేలాల్సిందే. "ఇక ఉడకబెట్టంది పాపనొక్కదాన్నే" అని అత్తగారు పక్కింటావిడతో అనడం ఆమె చెవిన పడింది. ఇల్లూ పిల్లా రెంటినీ తను చక్కబెట్టగలదని చూపించాలనుకుంది. ఆదివారం చుట్టాల భోజనానికి బేకరీ రొట్టె వద్దని, తనే చేస్తానని చెప్పింది.

రొట్టె ఇటుకలా బయటికొచ్చింది. మావగారు కత్తి పెడితే కత్తి వంగింది.

"రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు అంటారు. ఇది విరిగితేగా," అన్నాడాయన.

కోడలికి అప్పుడు తట్టింది. పాప కూడా తింటుంది, క్రిములెందుకని ఈస్ట్‌ని మరిగే నీళ్ళలో కలిపింది. ఈస్ట్ కూడా ఓ సూక్ష్మజీవేనన్న సంగతి, అదే చదివి పట్టా తెచ్చుకున్న మనిషికి గుర్తు రాలేదు. అత్తగారు నోరు తెరవబోయింది.

"నేనే. పొద్దున ఈస్ట్ మార్చాను," అంది పెద్దత్తయ్య బల్ల చివరినుంచి.

"నీకు వేరే పనే లేదా అక్కా?" అత్తగారి కోపం అటు మళ్ళింది. అందరూ నవ్వి, రొట్టెని సూప్‌లో నానబెట్టుకున్నారు.

కానీ పెద్దత్తయ్య పొద్దుటినుంచీ పాపని ఒళ్ళోంచి దించలేదు, వంటింటి గడప తొక్కలేదు. భోజనాలయ్యాక గిన్నెలు కడిగే దగ్గర కోడలు నిలదీసింది.

"గ్లాసులోంచి పొగలు రావడం గుమ్మంలోంచి చూశాను. చెబుదామంటే పక్కనే మీ అత్త," అంది పెద్దత్తయ్య.

"మరి పోయినేడు మా ఆడపడుచు రొట్టె పొంగకపోతే, ఈస్ట్ మార్చానన్నారుగా?"

"ఆ రోజు నేను కంటి ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నా. ఒక్కరికీ అనుమానం రాలేదు చూడు."

మరుసటి నెల అత్తగారి రొట్టె నడిమధ్యన కుంగిపోయింది. అలవాటుగా అందరూ పెద్దత్తయ్య వైపు తిరిగారు. ఆవిడ గొంతు సవరించుకునేలోపే కోడలు అందుకుంది.

"ఈస్ట్ నేనే మార్చానత్తయ్యా."

అత్తగారు ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "ఈ ఇంటికి ఒకరు చాలరూ?" అని గొణుగుతూ, ఊపిరి పీల్చుకుని, కుంగిన చోటంతా వెన్న నింపింది.