మా గుమస్తా రాసిన రోగాలు

మా ఆఫీసు గుమస్తాని కోర్టు వరండాలో అందరూ డాక్టరుగారు అనేవారు. చదివింది పదో తరగతి. ఆ పేరు ఊరికే రాలేదు. మా సీనియరు లాయరుగారు తాగి కోర్టుకు రాలేని రోజున వాయిదా కోరుతూ అర్జీ రాసేది ఈయనే. కారణం అన్నచోట ఏదో ఒక రోగం ఉండాలి కదా.

ఏ కోర్టులో ఏ రోగం చెప్పిందీ మర్చిపోకుండా చిన్న నోటుపుస్తకం ఒకటి పెట్టుకున్నాడు. మొదటి కోర్టులో నడుంనొప్పి, రెండో కోర్టులో పంటిపోటు. ఒకే కోర్టులో ఒకే రోగం ఆరు నెలల్లోపు మళ్లీ రాకూడదని నియమం. నేను చేరిన ఎనిమిదేళ్లలో ఆయన రాయని జబ్బు ఒక్కటే. అది సీనియరుగారికి నిజంగా ఉన్న జబ్బు.

నాకు తెలియదా అంటే, తెలుసు. నేను ఆయన దగ్గర జూనియరు లాయర్ని, నా బల్ల సీనియరుగారి బల్లకి ఎదురుగానే. పొద్దున పది గంటలకే వాసన వచ్చేది. నేను లేచి కిటికీ తెరిచేదాన్ని. పని నేర్పిన మనిషికి నీతులు చెప్పడమేమిటని సర్దుకున్నాను. తాగనప్పుడు ఆయనంత బాగా వాదించేవాళ్లను నేనింతవరకూ చూడలేదు. ఒకసారి గుమస్తాని కదిపితే, "పెద్దాయన పరువమ్మా. ఇంటిగుట్టు బయట పెట్టుకుంటామా?" అన్నాడు. అది ఆయనకి విశ్వాసం. నాకు సౌకర్యం.

కుట్టుపని చేసుకునే ఒకావిడ కేసు మా దగ్గరుండేది. భర్త రెండున్నరేళ్ల పాపని తీసుకెళ్లి తన తల్లి దగ్గర పెట్టి, కంటికి కూడా చూపించడం మానేశాడు. పాపని ఇప్పించమని ఈవిడ కోర్టుకెక్కింది. ఏడాదిన్నరలో విచారణ ఆరుసార్లు వాయిదా పడింది. ఆరూ మా చలవే. ఆరోసారి ఆవిడ కాపడం పెట్టుకునే రబ్బరు సంచి తెచ్చి గుమస్తా చేతిలో పెట్టింది.

"సార్ నడుముకి పనికొస్తుంది బాబాయిగారూ. ఆయన బాగుంటేనే కదా నా పిల్ల నాకొచ్చేది."

ఆ సంచి ఒళ్లో పెట్టుకుని గుమస్తా చాలాసేపు కూర్చున్నాడు. ఆ రోజు భోజనానికి లేవలేదు.

తర్వాతి వాయిదా రోజు సీనియరుగారి చేతులు వణుకుతున్నాయి. గుమస్తా రెండు కాగితాలు ముందు పెట్టాడు. చదవకుండా సంతకం చేయడం సీనియరుగారి అలవాటు.

"చదివి పెట్టండి సార్."

"ఇవాళ ఏం రోగం రాశావు?"

"ఉన్నదే రాశాను."

మొదటిది ఆ తల్లికి ఉత్తరం. తాగుడు వల్ల మీ కేసు నడపలేకపోయాను, ఆరుసార్లు చెప్పిన కారణాలూ అబద్ధాలే, వేరే లాయర్ని పెట్టుకునే హక్కు మీకుంది అని. రెండోది ఆసుపత్రిలో చేరడానికి దరఖాస్తు. సీనియరుగారు రెండుసార్లు చదివి నా వైపు చూశారు.

"వైద్యం చేయించుకోండి సార్," అన్నాను. ఎనిమిదేళ్లు ఆలస్యంగా, అదీ గుమస్తా చాటున నిలబడి.

"నన్ను బజారుకీడుస్తావా?" అని ఆయన గుమస్తానడిగారు.

"బజారుకెందుకు సార్. ఆవిడకొక్కదానికే చెప్తున్నాం."

సీనియరుగారు సంతకాలు పెట్టారు. సాయంత్రం గుమస్తాయే ఆయన్ని వెంటబెట్టుకెళ్లి ఆసుపత్రిలో చేర్పించాడు.

ఉత్తరం చదివి ఆవిడ నన్నే అడిగింది. "మీకు ముందే తెలుసా అమ్మా?"

తెలుసన్నాను. అయినా కేసు నాకే ఇచ్చింది. కొత్త లాయరైతే మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి, ఆ ఓపిక లేదంది. కేసు తయారుచేసుకోడానికి జడ్జిగారు నాకు వారం గడువిచ్చారు. ఈసారి వాయిదా అడక్కుండా వాదించాను. పాపని తల్లికి అప్పగించమని తీర్పొచ్చింది.

అప్పగింత కోర్టు వరండాలోనే జరిగింది. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచింది. నాలుగేళ్ల పాప రెండడుగులు వెనక్కి వేసి, నాయనమ్మ చెయ్యి పట్టుకుని, "ఈవిడెవరు?" అంది.

గుమస్తా బెంచీ మీద కూలబడి అందరి ముందూ ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, సిగ్గేసి ఆపుకున్నాను. ఆవిడ మాత్రం ఏడవలేదు. చాచిన చేతులు అలాగే ఉంచి, తనెవరో పాపకి చెప్పడం మొదలుపెట్టింది.